నలభై ఐదు మార్కుల పెళ్లి వీడియో

రెండో శనివారం బడికి సెలవు కాబట్టి, మెట్‌పల్లిలో లెక్కల సారు కరుణాకర్ పొద్దున ఆరు గంటలకే ఒక పని పెట్టుకున్నాడు. పంతొమ్మిదేళ్ల కిందటి తన పెళ్లి వీడియో మూడు డీవీడీల్లో ఉంది. ఆ మూడింటినీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. పదకొండు గంటల బస్సుకు భార్య పద్మలత దాన్ని ధర్మపురిలోని పుట్టింటికి తీసుకుపోవాలి. మర్నాడు ఆదివారం అక్కడ ఆమె తండ్రి రాయమల్లు సంవత్సరీకం.

రాయమల్లు ముప్పయ్యేళ్లు మరమగ్గాల మీద పనిచేసిన మనిషి. ఏ ఫొటోలో చూసినా రేషన్ కార్డుకు దిగినట్టు బిగుసుకుని ఉంటాడు. ఆయన నడిచేది, నవ్వేది, చెయ్యి ఊపేది ఈ లోకంలో ఒక్కచోటే మిగిలింది. అది కూతురి పెళ్లి వీడియో. "ఒక్కసారి మీ బాపు నడువంగ చూస్త బిడ్డా" అని తల్లి ఐలవ్వ పది రోజులుగా ఫోన్ చేస్తోంది. ధర్మపురి ఇంట్లో పెద్ద టీవీ ఉంది కానీ డీవీడీ ప్లేయర్ లేదు. మెట్‌పల్లి ఇంట్లోది ఎప్పుడో పాడైంది. కరుణాకర్ బడిలో అడిగి, డిస్కులు చదివే చిన్న డబ్బా ఒకటి తెచ్చి తన ల్యాప్‌టాప్‌కు తగిలించాడు.

మూడు డిస్కులు కలిపితే పన్నెండు జీబీ. ఇంట్లో ఉన్న పెన్‌డ్రైవ్ ఎనిమిది జీబీ. వీడియోను కుదించక తప్పదు. కుదించే సాఫ్ట్‌వేర్ ఒకటి దింపుకుని తెరిచాడు. అందులో క్వాలిటీ అని ఒక గీత, దాని మీద అటూ ఇటూ జరిపే గుండీ, సున్నా నుంచి యాభై ఒకటి దాకా అంకెలు ఉన్నాయి. గుండీ ఇరవై రెండు దగ్గర ఆగి ఉంది.

ఏళ్ల తరబడి పరీక్ష పేపర్లు దిద్దిన చేతికి ఆ అంకె నచ్చలేదు.

"గిదేంది, యాభై ఒకటికి ఇరవై రెండేనా మన పెళ్లికి?" అంటూ గుండీని నలభై ఐదుకు జరిపాడు.

"పూర యాభై ఒకటి పెట్టకపోయినవా?" అంది పద్మలత వంటింట్లోంచి.

"నేను ఎవ్వలకు ఫుల్ మార్కులెయ్య."

శబ్దం కూడా జాగా తింటుందని ఎక్కడో చదివినట్టు గుర్తొచ్చి, దాన్ని అట్టడుగుకు దించాడు. పెళ్లిలో వినపడేదంతా బ్యాండు మోతే కదా అనుకున్నాడు.

పది గంటలకల్లా పని అయిపోయింది. పన్నెండు జీబీ నాలుగు వందల ఎంబీ అయి కూర్చుంది. కరుణాకర్ దాన్ని ఫోన్లో పెట్టి చూశాడు. అరచేతిలో సగం ఉన్న ఆ తెర మీద పందిరి, పూలు, జనం అన్నీ ఉన్నట్టే ఉన్నాయి. తృప్తిగా చుట్టాల వాట్సాప్ గ్రూపులో కూడా పంపించి, పెన్‌డ్రైవ్‌ను పద్మలత చేతిలో పెట్టాడు.

"సైజు ముప్పయ్యో వంతుకొచ్చింది. నాణ్యత నలభై ఐదు. గా స్టూడియో వాళ్లకు తెలువక గంత పెద్దగ చేసిండ్రు" అన్నాడు.

పద్మలత బస్సెక్కిన కాసేపటికి అతని తల్లి శంకరవ్వ చేను నుంచి వచ్చింది. ఊరవతల వాళ్లకు ఎకరం మక్క చేను ఉంది. కంకులు పాలు పోసుకుంటున్నాయి. రామచిలుకలు గుంపులు గుంపులుగా దిగి వాటిని ఒలుస్తున్నాయి. మెరిసేదేదైనా గాలికి తిరుగుతుంటే చిలుకలు దగ్గరికి రావని ఆమెకు అనుభవం.

"గివిటితోని ఇంక పనున్నదార?" అని బల్ల మీది డిస్కులు చూపించింది.

"ఏం పనిలేదవ్వా. అంత పెన్‌డ్రైవ్‌ల ఉన్నది."

శంకరవ్వ సుతిలి తాడు తీసుకుంది. డిస్కుకు నడుమ రంధ్రం ఉండనే ఉంది.

మధ్యాహ్నం మూడింటికి ధర్మపురి ఇంట్లో టీవీ ముందు చాపలు పరిచారు. ఇరుగుపొరుగు వచ్చారు. అందరికంటే ముఖ్యంగా సిద్దిరాములు వచ్చాడు.

సిద్దిరాములు రాయమల్లుకు సొంత తమ్ముడు. రెండు వీధుల అవతలే ఇల్లు. పద్మలత పెళ్లిలో రాయమల్లు దగ్గరివాళ్లందరికీ కొత్త బట్టలు పెట్టాడు. తనకు మాత్రం పెట్టలేదని సిద్దిరాములు అంటాడు. పెట్టారని, తన కళ్లతో చూశానని ఐలవ్వ అంటుంది. ఆనాటి నుంచి ఆయన అన్న గడప తొక్కుతాడు, అరుగు మీద కూర్చుంటాడు, మంచినీళ్లు మాత్రం తాగడు. అన్న పోయినప్పుడు కూడా వెక్కి వెక్కి ఏడ్చి, ఆకలితోనే తన ఇంటికి వెళ్లిపోయాడు. ఈసారి పద్మలత వెళ్లి రెండు చేతులూ పట్టుకుంది. "మా బాపు కోసం రేపొక్క పూట మా ఇంట్ల తిను చిన్నబాపు" అంది. ఆయన చాలాసేపు ఆలోచించి సరేనన్నాడు.

టీవీ పెట్టారు. పందిరి ఎర్రటి గళ్లుగా వచ్చింది. పెళ్లికొడుకు తెల్లటి గడి, పెళ్లికూతురు ఆకుపచ్చ గడి. జనం నడుస్తుంటే ఇటుకలు జరుగుతున్నట్టుంది. మోత మాత్రం నీళ్లలో మునిగిన బ్యాండులా గుడగుడమంటోంది.

"మీ బాపేడే?" అని ఐలవ్వ టీవీ దగ్గరికి జరిగింది.

"గా తెల్ల అంగి, అవ్వా."

"గది అంగి కాదే. గోడ."

ఐలవ్వ కళ్లజోడు తుడుచుకుంది. మళ్లీ పెట్టుకుంది. గోడ గోడగానే ఉంది. పది రోజులుగా ఎదురుచూసిన ముఖం కోసం ఆమె ఒక్కో గడినీ వెతుకుతూ పోయింది. అప్పుడే ఒక తెల్లటి గడి ఒక పసుపుపచ్చ గడికి మడత పెట్టినదేదో ఇవ్వడం కనిపించింది. దుఃఖంలో ఉన్నదల్లా ఒక్కసారిగా లేచి నిలబడింది.

"చూడుండ్రి! సిద్దిరాములు గా దినం పసుపచ్చ అంగే తొడిగిండు. బట్టలు తీసుకుండు. పంతొమ్మిదేండ్ల సంది తీసుకోలేదని ఊరంత చెప్పుకుంట తిరుగుతుండు!"

"వదినె, గది నేను కాదు."

"నువ్వు కాకుంటే మరెవ్వలు?"

"నాకెట్ల తెలుస్తది? దానికి మొకమే లేకపాయె!"

పక్కింటామె అది సిద్దిరాములు నడకేనంది. ఎదురింటాయన కాదన్నాడు. మస్కట్‌లో పనిచేస్తున్న పద్మలత అన్న శ్యాంసుందర్ కూడా అదే వీడియోను గ్రూపులో చూస్తున్నాడు. విషయం తెలిసి వాయిస్ మెసేజ్ పంపాడు. "గాయన చిన్నబాపే. నేను జూమ్ చేసి చూసిన." ఐదు నిమిషాలకు ఇంకొకటి వచ్చింది. "కాదు. జర ఆగుండ్రి. గది కూలర్ లెక్క కనబడుతుంది."

అప్పటికే ఆలస్యమైంది. సిద్దిరాములు లేచాడు.

"బట్టలు తీసుకొని తీసుకోలేదన్న మనిషినా నేను? అన్నకు నా ఇంటికాడ్నే దండం పెట్టుకుంట. రేపు రాను" అని, కోపంలో ఎదురింటాయన చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

పద్మలత మెట్‌పల్లికి ఫోన్ చేసింది.

"అసలు డిస్కులు పట్టుకొని రేపు పొద్దుగాల రా."

"ఎందుకు? మంచిగ రాలేదా?"

"మా బాపు ఇటుక లెక్క కనిపిస్తుండు. చిన్నబాపు అలిగి పోయిండు. మా అవ్వ ఏడుస్తుంది. గియ్యాల నువ్వు సంపాదించిన మార్కులివి."

కరుణాకర్ బల్ల వైపు చూశాడు. బల్ల ఖాళీగా ఉంది. శంకరవ్వను అడిగాడు. ఆమె చెప్పింది విని, చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా బండి తీశాడు.

చేనులో రెండు డిస్కులు కర్రలకు వేలాడుతూ గిర్రున తిరుగుతున్నాయి. మూడోది లేదు. లేనిది రెండో నంబరు డిస్కు. బట్టలు పెట్టిన ఘట్టం ఉన్నది అందులోనే. ఒకటి పక్క చేను పర్శరాములు అడిగితే ఇచ్చానని శంకరవ్వ ఫోన్లో తాపీగా చెప్పింది.

పర్శరాములు మంచె కింద కూర్చుని తన డిస్కును మురిపెంగా చూసుకుంటున్నాడు.

"గిది నేనియ్య సారూ. మధ్యాహ్నం సంది ఒక్క చిలుక రాలే."

"గది నా పెళ్లి, పర్శరాములూ."

"అయితే మంచి పెళ్లే సారూ. మస్తు పనిచేస్తుంది."

కరుణాకర్ బతిమాలాడు. లాభం లేకపోయింది. చివరికి ఇంటికి పోయి, పదో తరగతి లెక్కల పాఠాల డిస్కులు ఆరు తెచ్చాడు. పర్శరాములు వాటిని ఒక్కొక్కటిగా ఎండకు తిప్పి చూశాడు.

"గివి పాఠాలా సారూ?"

"అవును."

"అయితే చిలుకలు ఇటు మొకమే పెట్టయి" అని పెళ్లి డిస్కు విప్పి ఇచ్చాడు.

దాని మీద బురద, రెండు గీతలు. కరుణాకర్ దాన్ని రుమాలులో చుట్టి, తన చేనులోని రెండింటినీ విప్పుకుని, బస్టాండు దగ్గర సృజన నడిపే ఫొటో స్టూడియోకు తీసుకుపోయాడు. సృజన ఒకప్పుడు అతని దగ్గరే లెక్కలు నేర్చుకుంది. ఆమె డిస్కును సబ్బు నీళ్లలో కడిగి, మెత్తటి గుడ్డతో నడుమ నుంచి అంచుకు తుడిచింది.

"ఎంత మీద పెట్టి కుదించిండ్రు సార్?"

"నలభై ఐదు."

సృజన చేతిలోని గుడ్డ పక్కన పెట్టింది.

"సార్, గవి మార్కులు కావు. తప్పులనుకోండ్రి. అంకె పెరిగిన కొద్ది బొమ్మ ఖరాబైతది."

కరుణాకర్ ముఖం చిన్నబోయింది. "అయితే సున్నా పెడదాం" అన్నాడు.

"సున్నా పెడితే అసలు డిస్కు కన్నా పెద్దగైతది. నా దగ్గరున్న ఎనిమిది జీబీ పెన్‌డ్రైవ్‌ల పట్టది. మరీ పిండొద్దు, మరీ వదలొద్దు. ఇరవై పెడ్త. శబ్దం ముట్టుకోను. ఇంకొకటి సార్, కుదించినంక కూడ అసలు దాన్ని పారెయ్యద్దు. పిండినప్పుడు పోయిన మొకం మల్ల రాదు."

గుండీ మొదటే ఇరవై రెండు దగ్గర ఉందన్న సంగతి కరుణాకర్ తన శిష్యురాలికి చెప్పలేదు.

రెండో డిస్కు అరవై ఒక్క శాతం దగ్గర ఆగిపోయింది. డబ్బా గరగరమని మూలిగింది. అతను కుర్చీ అంచున కూర్చుని ఆ అంకెనే చూస్తూ ఉండిపోయాడు. ఐలవ్వ పది రోజుల ఫోన్లు, మామ ఊపే చెయ్యి అందులో ఇరుక్కుని ఉన్నాయి. ఏడు నిమిషాలకు అంకె అరవై రెండైంది.

ఆదివారం మొదటి బస్సుకు బయలుదేరి, జగిత్యాలలో మారి, తొమ్మిదింటికి కరుణాకర్ సృజన ఇచ్చిన పెన్‌డ్రైవ్‌తో ధర్మపురి చేరాడు. పద్మలత అప్పటికే చిన్నబాపును బతిమాలి గడప దాకా తెచ్చింది. ఆయన లోపలికి రాలేదు. ద్వారబంధానికి ఆనుకుని నిలబడ్డాడు.

టీవీ పెట్టారు. ఈసారి పందిరి పందిరిలా వచ్చింది. జనంలోంచి రాయమల్లు కండువా సర్దుకుంటూ నడిచి వచ్చాడు. ఎవరినో చూసి పళ్లన్నీ కనబడేలా నవ్వాడు.

"గట్లనే నడుస్తుండె. ఎడమ కాలు జర ఈడ్చుకుంట" అంది ఐలవ్వ, ఎవరితోనూ కాదన్నట్టు.

కొంతసేపటికి రాయమల్లు మడత బట్టలు రెండు చేతుల్లో పట్టుకుని నలువైపులా వెతకడం మొదలుపెట్టాడు. బ్యాండు మోత మధ్యలోంచి ఆయన గొంతు స్పష్టంగా వినబడింది. "సిద్దిరాములూ! ఓ సిద్దిరాములూ!" మూడుసార్లు పిలిచాడు. తెర మూలన, పసుపుపచ్చ అంగీలో ఉన్న సిద్దిరాములు స్టూలు మీద నిలబడి, జారిపోతున్న పందిరి గుంజను రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు. ఆయన ఇటు చూడలేదు.

రాయమల్లు భార్య దగ్గరికి వెళ్లి ఏదో అడిగాడు. తలంబ్రాల పళ్లెం సర్దుతున్న ఐలవ్వ తల ఎత్తలేదు. "గాడున్నడు సూడు, పసుపచ్చ అంగి" అని చెయ్యి చూపించింది. ఆమె చూపించిన వైపు ఒక పసుపుపచ్చ వీపు ఉంది. అంతలో అయ్యగారు ముహూర్తమని కేకేశాడు. రాయమల్లు బట్టలను వెనక నుంచే ఆ మనిషి చంకలో పెట్టి, భుజం తట్టి, మంటపం వైపు పరుగెత్తాడు. ఆ మనిషి ఇటు తిరిగాడు. మెడలో పెద్ద డోలు ఉంది. బట్టలను కళ్లకద్దుకుని డోలు కింద దాచుకున్నాడు.

ఇంట్లో ఉన్నవాళ్లంతా నెమ్మదిగా ఐలవ్వ వైపు తిరిగారు.

"గంత మందిల నాకేం కనిపిస్తది?" అంది ఆమె. తర్వాత కరుణాకర్ వైపు చూసింది. "గింత సాఫ్‌గ ఎందుకు చేసినవ్ అల్లుడా? నిన్నటిదే మంచిగుండె."

సిద్దిరాములు ఆ గొడవ వినలేదు. గడప దాటి లోపలికి వచ్చి చాప మీద కూర్చున్నాడు.

"మూడుసార్లు పిలిచిండు" అన్నాడు. "మల్ల పెట్టు అల్లుడా."

కరుణాకర్ మళ్లీ పెట్టాడు. ఆయన అడిగిన ప్రతిసారీ పెట్టాడు. ఆరోసారి సిద్దిరాములు "ఆఁ, వస్తున్ననే" అని టీవీకి జవాబిచ్చి, కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

ఆ మధ్యాహ్నం ఆయన అన్న ఇంట్లో తిన్నాడు. ఐలవ్వ తనే వడ్డించింది. బజారుకు మనిషిని పంపి తెప్పించిన కొత్త బట్టలను, పంతొమ్మిదేళ్ల తర్వాత, అందరి ముందూ ఎదురుగా నిలబడి, ముఖం ఒకటికి రెండుసార్లు చూసి మరీ మరిది చేతుల్లో పెట్టింది.

అంగీ భుజాల దగ్గర బిగుతైందని, ఆ కొలత ఎవరు చెప్పారో తేలాలని సిద్దిరాములు ఇప్పుడు అంటున్నాడు.