బగారన్నంలో శవం, తేదీ చీటి కింద హంతకుడు

ఒక హత్య జరిగితే హంతకుడెవరో కనిపెట్టగల శక్తి ఈ దేశంలో ఒక్కరికే ఉంది: ఆ పని అప్పగించని వాళ్లకి. అప్పగించిన వాళ్లకి జీపుంటుంది, టోపీ ఉంటుంది, రోజువారీ డైరీ ఉంటుంది, ఆ డైరీ నింపేసరికి పొద్దుగూకుతుంది. కనిపెట్టడానికి తీరిక ఎక్కడిది పాపం. ఈ సూక్ష్మం ఎరిగిన ప్రభుత్వం, అప్పగించని వాళ్లు కనిపెట్టేసే నవలలన్నిటినీ గుండ్లమడుగు శాఖా గ్రంథాలయంలో ఎడమవైపు అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసింది. (తాళంచెవి పోయి తొమ్మిదేళ్లయింది. బీరువా వెనక చెక్క ఊడిపోయింది కాబట్టి పుస్తకాలు ఆ వెనకనుంచే ఇస్తారు. తాళం మాత్రం భద్రంగా ఉంది.)

ఆ బీరువాకు మొత్తం మండలంలో నికరమైన పాఠకురాలు లక్ష్మీనర్సమ్మ. యాభై ఆరేళ్ల మనిషి, మగ్గం మీద చీర నేస్తుంది, ఏడో తరగతి చదివింది. పక్కింటి బక్కమ్మకు డెబ్భై నాలుగు. అక్షరమ్ముక్క రాదు, కానీ వినడంలో ఆమెను మించినవాళ్లు లేరు. మధ్యాహ్నం అన్నాలయ్యాక బక్కమ్మ రాట్నం ముందేసుకుని కండెలు చుడుతూ కూర్చుంటుంది, లక్ష్మీనర్సమ్మ పుస్తకం తెరిచి పైకి చదువుతుంది. ఎనిమిదేళ్లుగా ఇదే కార్యక్రమం.

వాళ్లు చదివేది 'అప్పడాల అనసూయ' వరస. అనసూయ ఇంటింటికీ తిరిగి అప్పడాలమ్ముతుంది. ఏ ఇంటికీ ముందు వాకిట్లోంచి పోదు, వంటింటి తలుపులోంచే పోతుంది. మంచినీళ్లు అడుగుతుంది. నీళ్లిచ్చిన మనిషి, అప్పడాలామెతో మనకేం భయమని, మొగుడికి కూడా చెప్పని సంగతి చెప్పేస్తుంది. చచ్చినవాడు ప్రతి నవల్లోనూ ఊరంతటికీ ఒళ్లు మండించిన మనిషే కాబట్టి ఎవరూ గుండెలు బాదుకోరు, పాఠకులు కూడా హాయిగా నవ్వుకోవచ్చు. ఎస్సై చివర్లో వస్తాడు. అప్పటికి అనసూయ అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి, అప్పడాలు వేయించి పెట్టి, హంతకుడి పేరు చెబుతుంది. నలుగురి ముందర, ఆ మనిషి ముందరే చెబుతుంది. (గుండ్లమడుగు చరిత్రలో అలాంటి సంఘటన ఒక్కటీ నమోదు కాలేదు. మన దగ్గర పేరు అందరికీ తెలుస్తుంది, చెప్పడమే ఉండదు.)

పదమూడు నవలలు సుఖంగా నడిచాయి. పద్నాలుగోది 'బగారన్నంలో శవం'. ఫంక్షన్ హాలు ఓనరు ఒకాయన పెళ్లినాడు బగారన్నం వండిన పెద్ద గంజులో తలకిందులుగా దొరుకుతాడు. అనుమానితులు ఐదుగురు: వంటమాస్టరు, బ్యాండుమేళం మాస్టరు, పెళ్లికొడుకు మేనమామ, పురోహితుడు, ఊరికే భోజనానికొచ్చిన రిజిస్ట్రేషన్ ఆఫీసు రికార్డు అసిస్టెంటు. ఆఖరి పేజీలో అనసూయ కొంగుతో చేతులు తుడుచుకుని, "చంపింది ఎవరో కాదు" అంది.

ఆపైన తేదీ చీటి అంటించి ఉంది.

పుస్తకం ఎప్పుడు తిరిగివ్వాలో ముద్ర వేసే చీటి అది. దాన్ని ఆఖరి పేజీకి అంటించాలని నిబంధన. ఆఖరి పేజీ ఖాళీగా ఉంటుందని నిబంధన రాసినవాళ్ల నమ్మకం, కాగితం పొదుపని కథను అట్ట దాకా అచ్చేయడం ప్రచురణకర్తల నమ్మకం. లక్ష్మీనర్సమ్మ పేజీని ఎండకు పట్టి చూసింది. చీటి కింద ఇంకో చీటి ఉంది. కొత్తది కొందామంటే, ప్రచురణ సంస్థ మూతపడి ఆ జాగాలో కర్రీ పాయింటు వెలసిందట.

ఇంకొకప్పుడైతే ఇద్దరూ నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేవాళ్లే. కానీ సరిగ్గా ఆ వారంలోనే బక్కమ్మ కూతురు నాగరాణి దూరాన ఉన్న మరమగ్గాల ఊరు భివండి నుంచి దిగింది. తల్లిని తీసుకుపోవడానికి బస్సు టికెట్లతో సహా వచ్చింది.

"మూడో అంతస్తుల రూమే గానీ మంచిగుంటదే అమ్మా. నువ్వొక్కదానివి ఈడుంటే నాకు నిద్ర పడ్తలేదు," అంది నాగరాణి. అబద్ధం కాదు, ఆ పిల్లకు తల్లంటే ప్రాణం.

"వస్త బిడ్డా, రాక యాడికి పోత. గా సంపినోని పేరు తెల్వనియ్యి. పేరు తెల్వక బస్సెక్కితే తొవ్వపొడుగూత నాకు గదే మనసుల తిరుగుతది," అంది బక్కమ్మ, రాట్నం ఆపకుండానే.

బక్కమ్మ పోవడం ఖాయమైపోయింది. కనీసం ఆ పేరు తెలుసుకోకుండా ముసలామెను పంపడం మహాపాపమనిపించి, లక్ష్మీనర్సమ్మ మరునాడే గ్రంథాలయానికి పోయింది.

గ్రంథపాలకుడు మురళీమోహన్‌కు మూడు గ్రంథాలయాల అదనపు బాధ్యతలున్నాయి. (అసలు బాధ్యత ఏదో ఆయనకు ఇంకా ఉత్తర్వు రాలేదు.) మంగళవారం మాత్రం గుండ్లమడుగులో కనిపిస్తాడు.

"సారూ, గీ చీటి జర ఊడదీస్తరా?"

"అమ్మా, చీటి ప్రభుత్వానిది. కింద పేజీ కూడ ప్రభుత్వానిదే. ప్రభుత్వం నుంచి ప్రభుత్వాన్ని ఊడదీయాల్నంటే పైనుంచి పర్మిషన్ కావాలె," అని ఆయన విచారంగా ఒక దరఖాస్తు ఫారం ఇచ్చాడు.

ఫారంలో నాలుగో గడి: 'మృతునితో దరఖాస్తుదారుకు గల సంబంధం'. లక్ష్మీనర్సమ్మ బాగా ఆలోచించి 'పాఠకురాలు' అని రాసింది. ఐదో గడి: 'హంతకుని పేరు తెలిసిన యెడల కలుగు ప్రయోజనం'. అక్కడ 'మనశ్శాంతి' అని రాస్తే, అది అర్హమైన ప్రయోజనాల జాబితాలో లేదని మురళీమోహన్ కొట్టేసి 'పోటీ పరీక్షలు' అని దిద్దిచ్చాడు.

ఫారం ఆన్‌లైన్‌లో ఎక్కాలి. దరఖాస్తు కేంద్రం నడిపే ఎల్లేష్ చావులకు సంబంధించిన సేవలన్నీ వెతికితే తెర మీద రెండే వచ్చాయి: 'మరణ ధ్రువీకరణ', 'గొర్రె మరణం – బీమా'.

"మొదటిదానికి సచ్చినాయన ఆధార్ అడుగుతాంది పెద్దమ్మా. గా ఫంక్షన్ హాలాయనకు ఆధారుందా?"

"నవలల రాయలే బిడ్డా."

"గట్లయితే గొర్రెల పెడ్త. ఫికర్ చెయ్యకు, లోపలికి పోయినంక ఆళ్లే సరిజేసుకుంటరు," అని ఎల్లేష్ ధైర్యం చెప్పి బటన్ నొక్కాడు.

నాలుగో రోజు పశువైద్య శాఖ నుంచి శైలజ అనే సహాయకురాలు స్కూటీ మీద విచారణకు వచ్చింది. ఎండనపడి వచ్చిన పిల్ల, ఇంకా పదకొండు చావులు చూడాలి, తలెత్తి మనిషి మొహం చూసే తీరిక లేదు.

"పోగు సూపియ్యమ్మా. పోగు లేకుంటే కేసు నిలవది," అంది. బీమా చేసిన గొర్రె చెవికి వేసే ప్లాస్టిక్ పోగు సంగతి ఆమె అడిగింది. నేతవాళ్లింట్లో పోగంటే ఒకటే అర్థం. లక్ష్మీనర్సమ్మ లోపలికి పోయి ఎర్ర నూలు పోగొకటి తెచ్చి చేతిలో పెట్టింది.

"నంబరెంత?"

"ఎనభై." (నూలుకు కూడా నంబరుంటుందని, నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నమని వేరే చెప్పాలా.)

శైలజ రాసుకుంది: పోగు నంబరు 80, పోగు చూపబడినది. "ఎట్ల సచ్చింది?"

"బగారన్నం గంజుల పడి."

శైలజ ఒక్క క్షణం కూడా ఆగలేదు. గొర్రె బగారన్నం దగ్గరికి చేరడమన్నది జిల్లాలో సర్వసాధారణం కాబట్టి 'సహజ మరణం' అని రాసి సంతకం పెట్టించుకుని పోయింది.

పోగు, నంబరు రెండూ ఉన్న ఫైలును ఆపే అధికారం ఎవరికీ లేదు. అది నడిచింది. గ్రంథాలయ శాఖకూ పశువైద్య శాఖకూ మధ్య ఎవరిదో తేలని ఫైళ్లను చూసే ఉమ్మడి పరిశీలనాధికారి నరహరి బల్ల మీదికి చేరింది. ఆయన నియమనిష్ఠలున్న మనిషి. ఆఖరి పేజీ మీద నిర్ణయం తీసుకోవాలంటే ముందు పేజీలు చదవాలి కదా అని పుస్తకం తెప్పించుకున్నారు. పదకొండు పనిదినాలు గది తలుపు వేసే ఉంది. లోపలినుంచి నవ్వులు వినిపించాయని, అవి విధినిర్వహణలో భాగమని అటెండరు జనానికి సర్దిచెప్పాడు. పన్నెండో రోజున చీటి ఊడదీశారు, అధికారి చదివారు, చీటి మళ్లీ అంటించారు. లక్ష్మీనర్సమ్మకు ఉత్తరం వచ్చింది:

'సదరు పేజీని క్షుణ్ణంగా పరిశీలించడమైనది. హంతకుడు ప్రభుత్వోద్యోగి అయినందున, ఆయన నియామకాధికారి ముందస్తు అనుమతి లేనిదే పేరు బహిర్గతం చేయుటకు వీలుపడదు. పేరు గోప్యంగా ఉంచబడినది.'

లక్ష్మీనర్సమ్మ ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది. అనుమానితులు ఐదుగురిలో ఉద్యోగి ఒక్కడే. ఆమె ఉన్నపళంగా పక్కింటికి ఉరికింది. నాగరాణి కొట్టుకు పోయింది, బక్కమ్మ ఒక్కతే ఉంది.

"అత్తా, దొరికిండు. రికార్డు అసిస్టెంటు."

"మెల్లగ మాట్లాడు," అంది బక్కమ్మ, వాకిలి వైపు చూసి. "నాకు మూడో అధ్యాయంలనే తెల్సు."

"ఎట్లనే?"

"పెండ్లికి పొద్దుగాల పది గంటలకే వచ్చిండని రాయలే? ఆఫీసోడు పదింటికి ఏ పనికన్న వస్తడా? సంపనీకే వచ్చిండు."

లక్ష్మీనర్సమ్మ నోరు తెరిచింది. మూడో అధ్యాయం చదివింది తనే, కళ్లద్దాలున్నదీ తనకే. "మరి పేరు తెల్వక బస్సెక్కనంటివి?"

బక్కమ్మ కండె మార్చింది. "గాడ మూడో అంతస్తుల నాకెవరు సదివి సెప్తరు నర్సమ్మా. ఎవల మొకం జూసుకుంట కూసోవాలె. బిడ్డకు నేను రాననంటే మనసు కష్టమైతది. పేరు తెల్వలేదంటే తప్పు గవర్నమెంటు మీదికి పోతది. గవర్నమెంటు ఏమనుకోదు."

లక్ష్మీనర్సమ్మకు దుఃఖమూ వచ్చింది, నవ్వూ వచ్చింది, ముసలామెను గట్టిగా పట్టుకోవాలనీ అనిపించింది. పట్టుకోలేదు. ఎల్లేష్ దగ్గరికి పోయి, పేరు చెప్పకపోవడం అన్యాయమంటూ అప్పీలు చేసింది. ఈసారి ఇద్దరూ కలిసి ఎంతో శ్రద్ధ పెట్టారు. తేదీ వేయలేదు. సంతకం ఫొటో గడిలో పెట్టారు. సంతకం పెట్టాల్సిన చోట కరెంటు బిల్లు పెట్టారు. అప్పీలును చేపల శాఖకు పంపారు.

"ఇగ దీన్ని రెండేండ్ల దాక ఎవ్వడు ముట్టడు పెద్దమ్మా," అన్నాడు ఎల్లేష్, పని తృప్తిగా ముగించినవాడి మొహంతో.

నాగరాణికి రసీదు చూపించారు. "అప్పీల్ల ఉందట బిడ్డా, తేలంగనే వస్త," అంది బక్కమ్మ. నాగరాణి ఆ రసీదునూ తల్లినీ మార్చి మార్చి చూసి, నిట్టూర్చి, అప్పటికే రెండుసార్లు తేదీ మార్చిన టికెట్లు రద్దు చేసింది. ఆ మధ్యాహ్నం లక్ష్మీనర్సమ్మ బీరువా వెనకనుంచి పదిహేనో నవల తెచ్చింది. మొదటి అధ్యాయానికే బక్కమ్మ పడీపడీ నవ్వింది. ఎనిమిదేళ్లలో అంత సంతోషంగా రాట్నం తిరిగిన రోజు ఇంకోటి లేదు.

అయితే పై వాళ్లు అప్పీలు పడిన సోమవారం నుంచే 'సున్నా పెండింగు వారోత్సవాలు' ప్రకటించారన్న సంగతి ఎవరికీ తెలియదు. తేదీ లేకున్నా, సంతకం ఎక్కడున్నా, కనిపించిన ప్రతి కాగితాన్నీ తేల్చేయాలని ఆజ్ఞ. చేపల శాఖ అప్పీలును ఒక్కపూటలో నరహరికి పంపేసింది. నియామకాధికారి అనుమతికి బదులు నరహరి తానే అనుమతి ఇచ్చుకున్నారు. మూడో రోజు పొద్దున జీపు వచ్చి లక్ష్మీనర్సమ్మ గుమ్మం ముందాగింది. నరహరి దిగారు, వెనకే ఒక బ్యానరు, ఒక ఫొటోగ్రాఫరు దిగారు. వాడకట్టు జనమంతా పోగయ్యారు. నాగరాణి కూడా వచ్చి నిలబడింది.

"ఎవరైనా మీ దగ్గరికి వచ్చి హంతకుని పేరు చెప్పిన దాఖలాలున్నయా అమ్మా ఇదివరకు?" అని నరహరి ఆప్యాయంగా అడిగారు.

"లెవ్వు సారూ. మీరు గంత దూరం నుంచి రావద్దుండే," అంది లక్ష్మీనర్సమ్మ. కొంగుతో కళ్లొత్తుకుంది. ఆనందబాష్పాలని రిపోర్టులో రాసుకున్నారు.

ఆయన మైకులో పేరు, హోదా, జీతపు స్కేలుతో సహా చదివారు. జనం చప్పట్లు కొట్టారు. బక్కమ్మ చేతులకంటిన నూలు దులుపుకుని, "ఓహో, గాయననా. నాకు తెల్వనే తెల్వకపాయె," అంది. నాగరాణి లోపలికి పోయి సంచీ సర్దడం మొదలుపెట్టింది. లబ్ధిదారు నవ్వాలమ్మా అని ఫొటోగ్రాఫరు లక్ష్మీనర్సమ్మకు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

ఆ సాయంత్రం నకిరేకల్ దగ్గర బక్కమ్మను భివండి బస్సు ఎక్కించారు. గుండ్లమడుగు మండలంలో గడువులోపల తేలిన ఫైలు ఇప్పటికీ అదొక్కటే.