కుట్లు చూడటానికి వచ్చిన జనం

ఆపరేషన్ అయిన పసిపాపకు మందుల కన్నా ముఖ్యం పరామర్శకు వచ్చే జనం! కాదనేవాళ్లుంటే ముందుకు రండి.

తాండూరులో మా పక్కింటి ఎల్లప్ప కూతురు సాన్వికకు మూడేళ్లు. గుండె కింది గదుల మధ్య గోడకు పుట్టుకతోనే రంధ్రం. హైదరాబాద్‌లో ఛాతీ తెరిచి, ప్యాచ్ వేసి కుట్టారు. "ఆరు వారాలు ఎవరినీ దగ్గరికి రానివ్వకండి, ఇన్ఫెక్షన్ వస్తే గుండెకే ప్రమాదం" అని చెప్పి పంపారు. పాపం, పెద్ద చదువులే చదివారు గానీ యాలాల్ ఊళ్లో ఉన్న ఎల్లప్ప చుట్టాల సంగతి వాళ్లకేం తెలుసు?

పాప ఇంటికొచ్చిన మర్నాడే రెండు ఆటోల జనం దిగారు. ప్రతి ఒక్కరి చేతిలో బ్రెడ్డు ప్యాకెట్, అరటిపళ్లు. చాయ్ తాగాక అసలు పని. గౌను పైకెత్తి కుట్లు చూడటం!

"కడుపుల ప్రేమ ఉన్నోళ్లు చూడకుండ ఎట్ల పోతరు?" అంది ఎల్లప్ప పెద్దమ్మ రామమ్మ, కుట్టు మీద వేలితో నిమురుతూ. పొద్దున్నే గొర్రెల దొడ్డి ఊడ్చిన చెయ్యి. ఆ వేలి ముందు స్కానింగ్ మిషన్ ఏ మూలకు?

మేనమామ భీమయ్య పాపను ఒళ్లో పెట్టుకుని సెల్ఫీ దిగి స్టేటస్ పెట్టాడు. నేనూరుకున్నానా? జలుబుతో ఉండి కూడా వెళ్లి బుగ్గ గిల్లి వచ్చాను. ఇరుగుపొరుగన్నాక ఆ మాత్రం బాధ్యత ఉండొద్దూ!

తల్లి అంబికకే మంచీ మర్యాదా తెలియదు. "అత్తమ్మా, జర దూరంకెల్లి చూసి పోండ్రి, మీ కాళ్లు మొక్కుత" అంటుంది. "ఏం, మాకేమన్న రోగమున్నదా?" అని రామమ్మ అలిగి, తెచ్చిన అరటిపళ్లతో సహా వెళ్లిపోయింది. అలగదూ మరి?

ఎనిమిదో రోజు పాపకు జ్వరం, కుట్టు దగ్గర చీము. మళ్లీ హైదరాబాద్. పుండు తెరిచి కడగాలి, రక్తం ఇచ్చేవాళ్లను పిలిపించండి అన్నారు. ఎల్లప్ప అందరికీ ఏడుస్తూ ఫోన్లు చేశాడు.

రామమ్మ కొడుక్కి చిన్నప్పుడు కామెర్లు వచ్చాయట. భీమయ్యకు సూది చూస్తే కళ్లు తిరుగుతాయట. నాకా? సరిగ్గా ఆ రోజే వికారాబాద్‌లో అర్జెంటు పని పడింది!

చివరికి ఎల్లప్ప దగ్గర గొర్రెలు కొనే పూడూరు ఉస్మాన్ బస్సెక్కి పోయి రక్తం ఇచ్చాడు. పాప గండం గడిచి ఇంటికొచ్చింది. ఆ ఉస్మాన్ మాత్రం ఇంతవరకు ఎల్లప్ప గడప తొక్కలేదు. మొన్న బజార్లో కనిపిస్తే నిలదీశాను, పాపను ఒక్కసారైనా చూసి రావొద్దా అని.

"డాక్టర్లు వద్దన్నరు గద సార్" అన్నాడు.

చూశారా, ఇలాంటి మనుషులూ ఉంటారు!