పదకొండు గంటల బిల్డ్

శుక్రవారం పొద్దున గిరీష్ పెట్టుకున్న పని చిన్నదే. బందరు నుంచి అవనిగడ్డ సభకు వెళ్లడం, పదకొండింటికి ఒక మీట నొక్కడం, శాలువా కప్పించుకుని భోజనాల వేళకు ఇల్లు చేరడం. వాలంటీర్లంతా కలిసి ఉచితంగా తయారుచేస్తున్న తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌కు అతను తన సొంత బిల్డ్ టూల్‌ను దానం చేశాడు. ముక్కలుగా రాసిన కోడ్‌ను కూర్చి, పనిచేసే సాఫ్ట్‌వేర్‌గా కట్టిపెట్టే సాధనం అది. ఇన్నాళ్లూ ఇంట్లో వాడుకున్నదాన్ని ఉన్నదున్నట్టు ఇచ్చేశాడు. ఇచ్చేముందు ఒకసారి దులిపి చూసుకోవాలన్న బుద్ధి మాత్రం పుట్టలేదు.

మొవ్వ నుంచి మామగారు రత్తయ్య ఫోన్ చేసి, పదకొండంటే రాహుకాలమనీ, పన్నెండు దాటాక పెట్టుకోమనీ బతిమాలాడు. హేతువాది అన్న పేరంటే గిరీష్‌కు ప్రాణం. మూఢనమ్మకాల మీద అరగంట దంచాడు.

"రాహుకాలం మనుషులకేనండీ మావయ్యగారూ. కంప్యూటర్‌కేం తెలుసు?" అన్నాడు చివరికి.

చదువుకున్న అల్లుడి మాట తీసెయ్యలేక రత్తయ్య, జీవితంలో మొదటిసారి ఆ వేళలోనే వరిచేలో కోతమిషను దింపమని డ్రైవర్ శోభనాద్రికి చెప్పి, సభకొచ్చి ముందు వరసలో కూర్చున్నాడు.

పదకొండింటికి గిరీష్ మీట నొక్కాడు. తెర మీద చక్రం తిరుగుతోంది గానీ పని కదలదు. కరెంటును తిట్టాడు. నెట్‌ను తిట్టాడు. నిర్వాహకుడు జయంత్ లాప్‌టాప్ లాక్కుని నొక్కాడు, అదీ అంతే. ఈలోగా గుడివాడ నుంచీ, బెంగుళూరు నుంచీ వాలంటీర్ల మెసేజ్‌లు వచ్చాయి. వాళ్ల దగ్గరా బిల్డ్ ఆగిపోయిందట. ఎవరో గిట్టనివాళ్లు చొరబడ్డారని గిరీష్ మైకులో ప్రకటించాడు.

ఆ గిట్టనివాళ్లను పట్టుకుందామని జయంత్ టూల్ కోడ్‌ను పెద్ద తెర మీద తెరిచాడు. దాచడానికి లేదు, అందరి సొత్తు. అక్కడ పనిని ఆపే ఆజ్ఞ, దాని పక్కనే తెలుగులో ఒక గమనిక ఉన్నాయి: "రాహుకాలం దాటేదాకా ఆగాలి. ఒకసారి చేతులు కాలాయి, చాలు. గిరీష్."

రెండేళ్ల కిందట రాహుకాలంలో పంపిన పని తిరగబడి ఉద్యోగం ఊడబోయినప్పుడు రాసుకున్న ముక్కలవి. టూల్ ఆగినప్పుడల్లా టీకి లేవడం అలవాటై, రాసిన సంగతే మరిచిపోయాడు.

ముందు వరసలో తండ్రి పక్కనే కూర్చున్న భార్య తనూజ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. గిరీష్ సిగ్గుతో చచ్చిపోయాడు. ఆ శాలువా ముందే కప్పి ఉంటే మొహం కప్పుకోవడానికైనా పనికొచ్చేది.

రత్తయ్య నవ్వలేదు. తెర మీది మాటలు రెండుసార్లు చదివి ఫోన్ తీశాడు.

"శోభనాద్రీ, మిషను గట్టెక్కించెయ్. కంప్యూటరే ఆగింది, మనమెంత."

పన్నెండు కొట్టగానే బిల్డ్ తనంతట తానే నిక్షేపంగా పూర్తయింది. శాలువా రత్తయ్యకు కప్పారు.