ఏనుగొచ్చినా విరగని గడియ

ఆదివారం పొద్దున్నే స్నానాలగది గడియ బాగుచెయ్యాలని గుమాస్తాగారు నిశ్చయించుకున్నారు. దానికొచ్చిన రోగమల్లా పిడి దగ్గర ఒక మర ఊడటమే. కానీ కొన్నాళ్లుగా ఫోన్లో కమ్మరం వీడియోలు చూస్తున్న మనిషికి మర బిగించడం నామోషీగా తోచింది.

"కొత్తది నేనే కొడతా. ఏనుగొచ్చినా విరగదు."

"మనింటికి ఏనుగెందుకొస్తుందండీ? ఇవాళ భోజనానికొచ్చేది మీ మేనేజరుగారు," అంది భార్య.

అదీ నిజమే. ఖాళీ అయిన హెడ్డు గుమాస్తా కుర్చీ ఎవరికివ్వాలో తేల్చేది ఆయనే. ఆ కుర్చీ మీద గుమాస్తాగారు ఏళ్ల తరబడి ఆశ పెట్టుకున్నారు.

పెరట్లో చిల్లుపడ్డ ఇనప బకెట్టుకు మట్టి మెత్తితే కొలిమి అయింది. భార్య జుట్టు ఆరబెట్టుకునే మిషను గాలి ఊదే తిత్తి అయింది. పొట్ట తగ్గిద్దామని కొని, తలుపుకు అడ్డం పెట్టుకుంటున్న డంబెల్ ఇనుము పెట్టి కొట్టే దాగలి అయింది. సాధన కోసం మొదట పాత గడియనే నిప్పుల్లో పెట్టారు. అది కాస్తా మాడి పొరలుపొరలుగా రాలిపోయింది. ఇక వెనక్కి తగ్గే వీల్లేదు. మెకానిక్ షెడ్డు వెనక ఏరుకొచ్చిన లారీ స్ప్రింగు ముక్కను కాల్చి, కొట్టి, ఎర్రగా ఉండగానే చన్నీళ్లలో ముంచారు. కాస్త వంకరగా వచ్చిన మాట నిజమే గాని, గట్టిదనానికి వంకరతో పనేమిటి? పాత కొండీల్లోకి దూర్చేశారు.

మేనేజరుగారు రానే వచ్చారు. గుమాస్తాగారు మసి చేత్తోనే సంబరంగా చెయ్యి కలిపారు. ఆ మసి మేనేజరుగారి అరచేతికీ, చెమట తుడుచుకోగానే మొహానికీ చేరింది. కడుక్కోవడానికి స్నానాలగదిలోకెళ్లి, మర్యాదస్తుడు కనక గడియ బలంగా వేసుకున్నారు. వంకర గడియకు వెళ్లడమే గాని రావడం చేతకాలేదు.

"ఏమయ్యా, ఇది రావట్లేదు!" అంటూ తలుపు బాదారు.

"కంగారుపడకండి సార్! గట్టి గడియ, ఏనుగొచ్చినా విరగదు!"

"ధైర్యం చెబుతున్నావా, భయపెడుతున్నావా?"

ఇంతలో బల్లమీద మేనేజరుగారి ఫోను మోగింది. గుమాస్తాగారి భార్య ఎత్తింది. "ఇక్కడే ఉన్నారండీ, స్నానాలగదిలో... ఇప్పట్లో రారండీ... రండి, మూలమీది ఇల్లే."

"ఎవరమ్మా?" లోపల్నుంచి కేక.

"ఎవరో డైరెక్టరుగారటండీ. నివేదిక రాయకుండా ఎక్కడ దాక్కున్నారని అడుగుతున్నారు. ఆయనే వస్తారట."

తలుపు బాదుడు ఠక్కున ఆగిపోయింది.

"సుత్తి తెస్తున్నా సార్!"

"తొందరేం లేదయ్యా. నిజంగా విరగదా?"

కుర్చీ చేజారిపోతోందన్న బెంగలో గుమాస్తాగారికి ఆ మాట చెవికెక్కలేదు. తలుపు సందులో ఇనప గరిట కాడ దూర్చి సుత్తితో ఒక్కటి వేశారు. ఎర్రగా కాలిన స్ప్రింగు ఉక్కును నీళ్లలో ముంచి అలాగే వదిలేస్తే గాజులా పెళుసెక్కుతుందని వీడియో చివర్లో చెప్పారు. ఆయన చివరిదాకా చూడలేదు. గడియ రెండు ముక్కలైంది.

బయటికొచ్చిన మేనేజరుగారు ఆ ముక్కలవైపు దిగులుగా చూశారు. గేటు ముందు కారు ఆగింది.

"ఏనుగొచ్చినా విరగదన్నావు. డైరెక్టరు రాకముందే విరిగింది," అన్నారు. "ఆఫీసులో నా గదికి అచ్చం ఇలా ఇరుక్కునేది ఒకటి కొట్టు. ఈసారి విరక్కూడదు. ఆ తర్వాతే కుర్చీ మాట."

అప్పట్నుంచి గుమాస్తాగారు గడియలు కొడుతూనే ఉన్నారు. చెయ్యి బాగా తిరిగింది. ఎంత వంకరగా కొడదామన్నా ప్రతిదీ నూనె రాసినట్టు సాఫీగా జరుగుతోంది.

హెడ్డు గుమాస్తా కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది.