హెడ్‌ఫోన్స్ పరీక్షలో పదికి పది

ఆదివారం పొద్దున్న టిఫిన్లయ్యాక హెడ్‌ఫోన్స్ సంగతి తేల్చేయాలని భార్యాభర్తలు ఒప్పందానికొచ్చారు. ఆయనకు కళ్ళజోళ్ళ షాపుంది. "ఈ అద్దం బాగుందా, ఇదా?" అని రోజంతా జనానికి పరీక్ష పెట్టే మనిషి. ఆవిడ రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్. పదహారేళ్ళలో ఒక్క సీసా మీద కూడా పేరు తప్పు రాయలేదని ఆవిడకు గర్వం. అది ఉండదగ్గ గర్వమే.

హెడ్‌ఫోన్స్ ఖరీదు వాళ్ళింటి ఫ్రిజ్ ఖరీదును దాటింది.

"అంత పోసి కొంటే పాటలో అదనంగా ఏమొస్తుందండీ?" అని ఆవిడ మొదటి రోజే అడిగింది.

"పాడే మనిషి ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తుంది."

"మీరు ఊపిరి తీసుకోవడం నాకు రోజూ పక్కగదిలోకి వినిపిస్తూనే ఉంది, పైసా ఖర్చు లేకుండా."

కొని పన్నెండు రోజులైంది. అందులో ఆయన పాటలు విన్నది తక్కువ, వాటి గొప్పతనం వచ్చేపోయేవాళ్ళకు వినిపించింది ఎక్కువ. నచ్చకపోతే ఆ సాయంత్రం ఆరులోగా షాపులో వెనక్కి ఇవ్వచ్చు. అందుకని పరీక్ష. కళ్ళకు గంతలు కట్టుకుని, తలకు తగిలించినవి ఖరీదైనవో, బీరువా మీద పడున్న పాత చవకవో పదిసార్లు చెప్పాలి. ఎనిమిది సరైతే ఉంచుకోవచ్చు. లేకపోతే షాపుకే.

ఆయనకు హెడ్‌ఫోన్స్ మీద నమ్మకముంది గానీ తన చెవుల మీద అంత లేదు. వాటిని వదులుకోవాలన్న ఆలోచనకే ప్రాణం ఉసూరుమంది. అందుకే భార్య స్నానానికి వెళ్ళగానే టేపు ముక్కను గింజలా నలిపి, ఖరీదైన వాటి తలపట్టీ లోపల అతికించాడు. జుట్టు పల్చబడ్డ నడినెత్తికి అది ఎంచక్కా తగులుతుంది.

ఆవిడ వచ్చి పరీక్షను ల్యాబు పద్ధతిలో మొదలుపెట్టింది. వంటింటి తూకంలో రెండింటినీ తూచి, తక్కువున్నదానికి చిల్లర నాణేలు కట్టి, రెంటికీ ఒకే గుడ్డ తొడుగులు తొడిగింది. వైర్లు తడిమి చూడకుండా ఆయన చేతుల్ని తువ్వాలుతో కుర్చీకి కట్టేసింది.

చెవులు మూసుకుపోయిన మనిషికి తన గొంతు తనకు తెలియదు. ఆయన అరవసాగాడు. "ఇది చవకది! తీసెయ్! తల పగిలిపోతోంది!"

కింది వాటాలో ఉండే ఆయన అక్కకు ఆ కేక స్పష్టంగా వినిపించింది. చీపురు పట్టుకునే మెట్లెక్కి వచ్చింది. తమ్ముడు కళ్ళకు గంతలతో కుర్చీకి కట్టేసి ఉన్నాడు. పక్కన మరదలు కాగితం మీద ఏదో రాసుకుంటోంది.

"ఏమ్మా, ఏం చేస్తున్నావు మావాణ్ణి?"

మరదలు సంగతంతా చెప్పింది. ఖరీదు కూడా చెప్పింది. అక్క చీపురు గోడకి ఆనించి సోఫాలో కూర్చుంది.

"ఇంకో ముడి వెయ్యి, వదులుగా ఉన్నట్టుంది" అంది.

పది సార్లూ అయ్యాయి. ప్రతిసారీ ఆయన తడుముకోకుండా చెప్పాడు. గంతలూ కట్లూ విప్పేసరికి ఆయన మొహం వెలిగిపోతోంది. ఆవిడ కాగితం చూసి, మామూలు గొంతుతో చదివింది. "పదికి పది తప్పు."

ఆయన కాగితంలోకి తొంగి చూశాడు. నెత్తిని నమ్మాలా, కాగితాన్ని నమ్మాలా?

"అలా కుదరదు. నువ్వే తారుమారు చేసుంటావు. ఏది ఏదో తప్పు రాసుకున్నావు."

"నేనా?"

"మనిషన్నాక పొరపాటు జరగదా ఏమిటి?"

ఆవిడ కంటే ముందు అక్క లేచింది. "ఆగమ్మా. పోయినేడు నా షుగర్ రిపోర్టు ఇచ్చింది నువ్వే కదూ? అప్పట్నుంచీ చప్పటి కాఫీ తాగి చస్తున్నాను. అది కూడా తారుమారేనా? రిపోర్టు ఎవరిదో, చప్పటి కాఫీ నాదీనా?"

"అయ్యుంటుందక్కా" అన్నాడు తమ్ముడు. హెడ్‌ఫోన్స్ దక్కుతాయంటే ఎవరికెంత షుగరైనా లేదనేలా ఉన్నాడు. "నీకేం లేదు. హాయిగా వేసుకో."

అక్క వంటింట్లోకి వెళ్ళి చక్కెర డబ్బా మూత తీసింది. మరదలు వెనకే వెళ్ళి డబ్బా లాక్కుంది. పదహారేళ్ళ పేరు పోయేలా ఉంది.

"వదినా, ఒక్క నిమిషం. ఈయన పరువు పోకూడదని ఊరుకున్నాను."

హాల్లోకొచ్చి రెండు తొడుగులూ విప్పింది. చవకవాటి తలపట్టీలోంచి టేపు గింజ పీకి బల్ల మీద పెట్టింది.

"పొద్దున్న తూచేటప్పుడు ఇది ఖరీదైన వాటిలో దొరికింది. తీసి వీటిలో అంటించాను. ఊరికే నోటికొచ్చింది చెప్పినా నాలుగైదు కలిసేవి. పదికి పది తప్పాలంటే చెవులతో పని లేకుండా నెత్తితో వినాలి."

ఆయన నడినెత్తి తడుముకున్నాడు. అక్క మాత్రం చీపురు అందుకుంది.

"నీ టేపు ముక్క పాడుగాను, ఇంకొక్క నిమిషమైతే చక్కెర కాఫీ తాగేదాన్ని కదరా" అని దిగిపోయింది.

అయిదున్నరకు ఆయన పెట్టె పట్టుకుని షాపులో నిలబడ్డాడు. కౌంటర్లో ఉన్నావిడ ఫారం తీసింది. "వెనక్కి ఇవ్వడానికి కారణం రాయాలండీ. సౌండ్ బాగాలేదా?"

ఈసారైనా నిజాయితీగా చెప్పాలనుకున్నాడు ఆయన.

"వింటే కదండీ తెలిసేది" అన్నాడు.