మంత్రిగారి విజిబిలిటీ

రాత్రి ప్రయాణాల్లో చీకటి అనే మాట ఇక వినపడకూడదని మా రవాణా మంత్రిగారు మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలకు, నల్లకళ్లద్దాలు పెట్టుకుని మరీ ప్రకటించారు. చీకటికి ఇంత గట్టి వార్నింగ్ నా ఎరుకలో ఎవరూ ఇవ్వలేదు. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ప్రభుత్వ వాహనాల షెడ్డు ఎదురుగా ఉన్న ఆటో ఎలక్ట్రికల్ షాపు నాది. బల్బు బిగించేవాడు లేకుండా బల్బుల పథకం మొదలవదు కదా, అందుకని నాకూ ఒక కుర్చీ వేశారు.

ఇంత గొప్ప పథకమూ మా బావ రాసిన రెండు లైన్ల అర్జీలోంచి పుట్టింది. బావ అంటే మా అక్క మొగుడు, మంత్రిగారి కారు డ్రైవరు. పందొమ్మిదేళ్ల సర్వీసు. ఆ కారు హెడ్‌లైట్ల అద్దాలు పచ్చబడిపోయాయి. బల్బులు ఉన్నాయంటే ఉన్నాయి. వాటి పుణ్యమా అని ఆర్నెల్లలో కారు రెండుసార్లు గోతిలో దిగింది, బావకు రెండు మెమోలు అందాయి. మూడోసారి దిగితే ఉద్యోగం ఊడుతుందని రెండో మెమోలోనే రాసి పెట్టారు. అందుకని నా షాపులో కూర్చుని అర్జీ రాశాడు: "రాత్రిపూట విజిబిలిటీ బొత్తిగా లేదు. దయచేసి బల్బులు మార్పించగలరు." ఆ ఇంగ్లీషు మాట నేనే పెట్టించాను. ఊరికే రోడ్డు కనపడటం లేదంటే అర్జీకి బరువేముంటుంది?

పీఏ ఆ అర్జీ చదివి వినిపించినప్పుడు నేను అక్కడే కారు హారన్ బాగు చేస్తున్నాను.

"సార్, డ్రైవరు రాశాడు. విజిబిలిటీ బొత్తిగా లేదంట."

మంత్రిగారి ముఖం మాడిపోయింది. "నాకా?"

"రాత్రిపూట సార్."

"పగలుందా?"

పీఏ కాసేపు ఆలోచించి, "పర్వాలేదు సార్" అన్నాడు.

"మొన్న నేను పోతుంటే ఒక్కడూ చెయ్యి ఊపలేదయ్యా. నా మీద కోపమేమో అనుకున్నా. కనపడక అన్నమాట! డ్రైవరు చెప్పేదాకా మీరెవరూ చెప్పరేం?"

కింది ఉద్యోగి మాటకు ఇంత విలువ ఇచ్చిన నాయకుణ్ణి నేను మళ్లీ చూడలేదు.

ప్రారంభోత్సవంలో కొత్త బల్బును పళ్లెంలో పెట్టి తెచ్చారు. "గాజు పట్టుకోకండి సార్, వేలి జిడ్డు అంటితే మాడిపోతుంది" అన్నాను.

"మంత్రిగారి వేలైనా అంతేనా?" అన్నాడు పీఏ, కాస్త కోపంగానే.

బల్బు పదకొండు చేతులు మారి, పదకొండు ఫొటోలు దిగి నా దగ్గరికి వచ్చింది. దాన్ని జేబులో వేసుకుని, షాపులోంచి తెచ్చిన జత బిగించి స్విచ్ వేశాను. మంత్రిగారు వెనక సీట్లో కూర్చున్నారు.

"వెలుగెక్కడ పడుతోంది?"

"రోడ్డు మీద సార్" అన్నాడు బావ. పాపం, చాలా రోజుల తర్వాత నవ్వాడు.

"రోడ్డుకు ఓటుందా?"

"లేదు సార్" అన్నాడు పీఏ.

"మరి దాని మీదెందుకయ్యా? ఇటు తిప్పండి."

హెడ్‌లైట్లు ముందుకే ఉంటాయని నేను నసిగాను. అప్పుడు చీఫ్ ఇంజనీరుగారు లేచారు. ఆయన చదువు ఊరికే పోలేదు. "హెడ్డంటే తల కదా సార్. తల మీద పడేదే హెడ్‌లైటు. ఇన్నాళ్లూ మనమే తప్పుగా వాడుతున్నాం."

సాయంత్రానికల్లా కొత్త బల్బులు రెండూ కారు లోపల, మంత్రిగారి ముఖానికి గురిపెట్టి బిగించాను. ముందర పాతవే మళ్లీ పెట్టాం. మంజూరైంది ఒక్క జతే.

బావ నన్ను పక్కకు లాగాడు. "ఒరేయ్, లోపల ఇంత లైటేస్తే ముందు అద్దంలోంచి నాకు బయటేమీ కనపడదురా. అద్దం నిండా ఆయన మొహమే."

"ఆయనతో చెప్పు బావా."

"చెప్పా. ఎలా ఉన్నానయ్యా అనడిగాడు."

"నువ్వేమన్నావ్?"

"బాగున్నారన్నా. ముగ్గురు పిల్లల్ని పెట్టుకుని ఇంకేమనమంటావ్?"

మెల్లగా పోనీ, ఏం కాదులే అని ధైర్యం చెప్పాను. ధైర్యం చెప్పడంలో నాకు మంచి పేరుంది.

నాలుగు రోజులు పథకం దివ్యంగా నడిచింది. జనం ఆగి మరీ చూశారు. కొందరు చేతులు కూడా ఊపారు, కళ్లకు అడ్డంగా. ఐదో రోజు రాత్రి ఎనిమిదింటికి మంత్రిగారు చెయ్యి ఊపుతుండగానే కారు నీటిపైపు కోసం తవ్విన గోతిలో దిగిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. మంత్రిగారి నుదుటి మీద బొప్పి కట్టింది, అది కూడా వీధి చివరిదాకా స్పష్టంగా కనపడిందని చీఫ్ ఇంజనీరుగారు రిపోర్టు రాశారు.

ఎంక్వయిరీ ఆఫీసరుగారు నన్ను సాంకేతిక సాక్షిగా పిలిచారు.

"బల్బులు వెలుగుతున్నాయా?"

"వెలుగుతున్నాయండీ, కానీ అవి..."

"అడిగిందానికే చెప్పు. బాగా వెలుగుతున్నాయా?"

"చాలా బాగా."

షెడ్డు పనంతా నా షాపుకే వస్తుంది. చెప్పాల్సింది నోట్లోనే ఉండిపోయింది. సిగ్గేసింది. అక్క మొహం ఎలా చూడాలో తెలియలేదు.

తర్వాత బావను నిలబెట్టారు.

"గోతిలో దిగే ముందు నీ ఎదురుగా ఏం కనపడింది?"

"మంత్రిగారు సార్."

"స్పష్టంగానా?"

"పైవరస బంగారు పన్ను కూడా కనపడింది సార్. కానీ అద్దంలో..."

"చాలు" అని ఆఫీసరుగారు టైపిస్టుకు చెప్పసాగారు. "ఎదురుగా మంత్రిగారు పన్నుతో సహా కనపడ్డారని డ్రైవరు స్వయంగా ఒప్పుకున్నాడు. కనుక విజిబిలిటీ లేదన్న అర్జీ అబద్ధం. అబద్ధపు అర్జీ పెట్టినందుకు, అన్నీ కనపడుతూ కూడా కారును గోతిలో దింపినందుకు ఇతన్ని ఉద్యోగం నుంచి తొలగించడమైనది."

కాగితం బావ ముందుకు జరిపారు. బావ దాని మీదికి వంగి చాలాసేపు అలాగే ఉన్నాడు. కళ్లనిండా నీళ్లు.

"ఏం, సంతకం ఎక్కడ పెట్టాలో కనపడటం లేదా?" అన్నారు ఆఫీసరుగారు.

"అయ్యో, కనపడుతోంది సార్" అని బావ కాగితం తడుముకుంటూ సంతకం పెట్టాడు.