ముంతలో వీలునామా

ఏడు గంటల బస్సెక్కి, రెండింటికల్లా కవరు అప్పజెప్పి, చీకటి పడకముందే ఇంటికొచ్చి కాళ్లు చాపుకోవాలి. వకీలు గుమస్తా కురుమూర్తి ఆ రోజుకు వేసుకున్న ప్లాను ఇంతే. గద్వాల కోర్టులో సీలు వేసి దాచిన జోగులమ్మ వీలునామాను, కోర్టు అనుమతితో, నాగర్‌కర్నూల్ కోర్టుకు చేర్చాలి. ఆవిడ మకాం అక్కడికి మారింది మరి.

"తొవ్వల ఎవ్వరికి చెప్పొద్దు నాయినా," అని ఆమె ఫోనులో మరీ మరీ చెప్పింది. "లోపల ఏం రాసిననో తెల్వనన్ని దినాలే నా చాయ్‌ల చక్కెర ఉంటది."

పిల్లల్లేని ముసలమ్మకు ఉన్న బలమంతా ఆ మూసిన కవరే. అది విప్పారంటే పలకరించే దిక్కుండదు.

బయట ముసురు. సంచిలో పెడితే లక్క ముద్రలు పగులుతాయని, కురుమూర్తి కవరును వెడల్పు మూతి ముంతలో నిలబెట్టి, పైన తెల్లగుడ్డ కట్టి, ఒళ్లో పెట్టుకున్నాడు. తెలివికి ఆయన పెట్టింది పేరు. అది ఎక్కువైనప్పుడే తంటా.

పక్క సీటులోని ఫయాజ్ అనే కుర్రాడు ముంతను చూసి మర్యాదగా జరిగి కూర్చున్నాడు. "ఎవరిది అన్నా?"

"గద్వాల జోగులమ్మది," అన్నాడు కురుమూర్తి నోరు జారి.

"అయ్యో పాపం. ఎప్పుడు పోయింది?"

అస్థికలనుకుంటున్నాడని అప్పుడు తెలిసింది. కాదంటే ఏమిటో చెప్పాలి. చెప్పకూడదు. ముంతను ఎవరూ ముట్టరు కదా, మంచిదే అనుకుని ఓ నిట్టూర్పు విడిచి ఊరుకున్నాడు, గడుసువాడు.

ఆ మాట బస్సంతా పాకింది. బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన రాగానే డ్రైవరు బస్సాపాడు. "పోయి కలిపి రాపో అన్నా, ఆగుతం."

"ఈడ గాదు. నాగర్‌కర్నూల్‌ల కలపాలె."

"ఆడ నది ఏడున్నది?" అన్నాడు కండక్టరు.

"కేసరి సముద్రం చెరువున్నది గదా."

"కిష్ణమ్మను ఇడిసిపెట్టి చెరువులనా? బుద్ధున్నదా నీకు?" అని బస్సంతా ఒక్కటై తిట్టింది. కురుమూర్తి ముంతను పొట్టకు కరుచుకుని, "ఆమె ఆఖరి కోరిక," అని గొణిగాడు. వెనక సీటులో ఇద్దరు ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు.

వనపర్తిలో దిగిన ఫయాజ్ ఊరుకుంటాడా? బస్టాండు పక్కన సైకిల్ షాపు పెట్టుకున్న రాకేష్, జోగులమ్మ చెల్లెలి కొడుకని అతనికి తెలుసు. "మీ పెద్దమ్మ పోయిందంట గదా భయ్యా. అస్థికలు బస్సుల పోతున్నయి," అని చెప్పేశాడు.

రాకేష్ ముందు ఏడ్చాడు. ఆ తర్వాత కళ్లు తుడుచుకుని, వీలునామా అక్కడికి మారబోతోందని ముందే విని ఉన్నాడు కనుక, నాగర్‌కర్నూల్ కోర్టుకు ఫోను చేశాడు. "మా పెద్దమ్మ సచ్చిపోయింది సార్. అస్థికలు బస్సుల వస్తున్నయి. నేనొచ్చినంక నా ముందర్నే వీలునామా ఇప్పండి."

కురుమూర్తి చేరేసరికి శిరస్తాదారు కత్తెర సిద్ధం చేసుకుని ఉన్నాడు. కవరు చేరినట్టు వేలిముద్ర వేయడానికొచ్చిన జోగులమ్మ ఎదురు బెంచీ మీదే కూర్చుంది.

"మనిషి పోతే కవరు ఇప్పాల్సిందే. రూలు," అన్నాడాయన.

"జోగులమ్మను నేనే గద నాయినా."

"సచ్చిపోయినట్టు మీ ఇంటోళ్లే చెప్పిండ్రు. బతికున్నట్టు కూడ ఇంటోళ్లే రాసియ్యాలె."

"నేను రాసిస్త సార్," అన్నాడు కురుమూర్తి.

"అస్థికలు తెచ్చినోడివి, నీ మాట ఎట్ల చెల్లుతది?"

ముసలమ్మ ఇన్నేళ్లు దాచుకున్న గుట్టు ఒక కత్తెర వేటు దూరంలో ఉంది. అంతలో గేటు దగ్గర "ఓ పెద్దమ్మా, నన్నిడిసి పోతివా" అని శోకం వినబడింది. పూలదండతో లోపలికొచ్చిన రాకేష్ బెంచీ వైపు చూసి, నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగిపోయాడు.

"మంచిగొస్తివి కొడుకా," అంది జోగులమ్మ. "నేను బతికున్ననని సార్‌కు జర రాసియ్యి. రాయకపోతివా, ఇంకో వీలునామా గిప్పుడే రాస్త."

రాకేష్ దండ పక్కన పెట్టి, "ఈమె మా పెద్దమ్మే, బతికే ఉన్నది" అని రాసి సంతకం చేశాడు. ముద్రలు చెక్కుచెదరకుండా కవరు కోర్టు పెట్టెలోకి వెళ్లింది.

సంతకం పక్కన రెండు కన్నీటి చుక్కలు పడ్డాయి. అవి ఎందుకని అడిగే రూలు మాత్రం లేదు.